మూత తీయకుండా గంటసేపు

రెండు బకెట్ల మీదా మూతలు పెట్టి, మూతల మీద తెల్ల టేపు అంటించి, టేపు మీద పెన్నుతో పదకొండు అని రాసి, పన్నెండుకి అందరం వచ్చి తీద్దాం, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు అని చెప్పి ఆ పిల్ల వెళ్లిపోయింది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "మీరున్నారుగా పెద్దమ్మా, ఇంక నాకేం భయం," అంది. నవ్వుతూనే అంది, మంచిగానే అంది, అయినా ఆ మాట చెవిలో చీమలా దూరి కూర్చుంది. భయం లేదట. ఉండాల్సిన మనిషికి ఉందిలే తల్లీ, ఈ గది నిండా ఉంది. పెద్దమ్మ స్టూలు లాక్కుని బకెట్లకి బారెడు దూరంలో కూర్చుంది, మరీ దగ్గరగా కూర్చుంటే ఏదో చేస్తున్నట్టు ఉంటుందని కాస్త వెనక్కి జరిపింది, అంత దూరం జరిగితే కాపలా ఎలా అవుతుందని మళ్లీ ముందుకి జరిపింది. గోడ అవతల ఆసుపత్రి లాండ్రీలో పెద్ద డ్రమ్ము తిరుగుతోంది. ఇరవై ఏళ్లు విన్న చప్పుడు అది. లోపల తిరుగుతున్నవి కంబళ్లా పక్కదుప్పట్లా అన్నది ఇక్కణ్ణుంచే చెప్పగలదు. కంబళ్లయితే దబ్బుదబ్బుమని పడతాయి, దుప్పట్లయితే ఒకదాన్నొకటి పట్టుకుని జారుతున్నట్టు ఉంటుంది. దుప్పట్లే. పదకొండూ నాలుగు. నాలుగు నిమిషాలేనా అయింది?

ఎడమ బకెట్లో ఉత్త తెల్లగుడ్డ. కుడి బకెట్లో, అదే తానులోంచి కత్తిరించిన గుడ్డే, కానీ దానికి ఆపరేషన్‌కి ముందు రోగి చర్మానికి రాసే గులాబీరంగు మందు పట్టించి, ఆరబెట్టి, రంగు ఛాయ కూడా మిగలకుండా సబ్బుతో ఉతికింది ఆ పిల్ల. ఉతికాక రెండూ పక్కపక్కన పెడితే ఏది ఏదో పెద్దమ్మకే తెలియలేదు. ఇప్పుడు రెండూ ఒకే బ్లీచింగ్ నీళ్లలో నానుతున్నాయి. గంట తర్వాత రెండూ తెల్లగా వస్తే పెద్దమ్మ మాట నిజం. కుడి గుడ్డ మీద మరక పడితే ఏఐ యంత్రం మాట నిజం. అంతే. జానెడు గుడ్డ. దాని కోసం నిమిషానికోసారి గడియారం వంక చూడటమేమిటి, ఎవరైనా చూస్తే పరీక్ష రాసేది ఈవిడా ఆ పిల్లలా అని నవ్విపోరూ.

అసలు టీచరమ్మ పిలిచినప్పుడే రానని చెప్పాల్సింది. రిటైరై మూడేళ్లు హాయిగా ఇంట్లో ఉంది, మొక్కలకి నీళ్లు పోసుకుంటూ. ఆసుపత్రి వాళ్లు లాండ్రీ పని నేర్పే బడి పెట్టారు, వారానికి రెండు రోజులు వచ్చి పిల్లలకి నాలుగు మాటలు చెప్పండి అంటే పొంగిపోయి వచ్చింది. టీచరమ్మ చిన్నపిల్ల, నెమ్మదైన గొంతు. మిగతా టీచర్లు పిల్లల ఫోన్లు లాక్కుని బీరువాలో పెడుతుంటే ఈవిడ బల్ల మీద వెల్లకిలా పెట్టించింది. "రేపు పనిలో చేరాక ఏ సందేహమొచ్చినా వీళ్లు ఏఐనే అడుగుతారు పెద్దమ్మా. అడగడం ఆపలేం. నమ్మే ముందు ఒక్క క్షణం ఆగడం నేర్పుదాం," అంది. పద్ధతి కూడా తనే పెట్టింది: ఆసుపత్రి బట్టలు ఎలా ఉతకాలో ఏఐని అడిగి, అది రాసిచ్చిన పేజీ అందరికీ పంచుతుంది. ఏ లైను దగ్గర ఆగాలో పిల్లలు గుర్తుపట్టాలి. బోర్డు మీద మూడు ప్రశ్నలు: ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు? మనం చేసి చూడగలమా? వరసలన్నీ తిరిగాక చివర్లో పెద్దమ్మ వంక చూస్తారు. పెద్దమ్మ అవునంటే అవును, కాదంటే కాదు. మొదటి వారమే దొరికిపోయింది యంత్రం. తెల్లదనం బాగా రావాలంటే బ్లీచింగ్ నీళ్లలో బాత్‌రూమ్ యాసిడ్ కాస్త కలపమంది. "కలపండి, కలిపి అక్కడే నిలబడండి, ఊపిరాడక నేల కరుస్తారు," అంది పెద్దమ్మ. తరగతి తరగతంతా ముక్కున వేలేసుకుంది. రెండో వారం ఒక పుస్తకం పేరు చెప్పి, పేజీ నంబరు కూడా ఇచ్చింది. లైబ్రరీ ఆయన అరలన్నీ గాలించి, ఊళ్లో ఉన్న మిగతా లైబ్రరీలకి ఫోన్లు చేసి, అమ్మా, ఆ పుస్తకం ఇంకా పుట్టలేదు అన్నాడు.

పిల్లలు పడీపడీ నవ్వారు. తను నవ్వలేదు. పుట్టని పుస్తకానికి పేజీ నంబరు ఎలా ఉంటుంది? నలభై ఏళ్లు నిండేదాకా అక్షరం రాని మనిషికి, అచ్చులో ఉన్నదంటే అది ఎవరో పెద్దవాళ్లు నాలుగుసార్లు చూసి, ఇది జనం చదువుతారు అని భయపడి వేసింది అనే నమ్మకం. చదువు రాని రోజుల్లో తనని మోసం చేసినవాళ్లంతా నోటితోనే చేశారు. కాగితం మోసం చేయదు, చదవలేకపోవడమే తన ఖర్మ అనుకునేది. బస్సు బోర్డు చదివి పెట్టడానికి ఇంటాయన ఉండేవాడు. ఆయన ఆ గోడ అవతలే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు, చెమటలు కారుతూ ఇంటికొచ్చి, "ఆసుపత్రి బట్టలన్నిటికీ ఆవిరి పెట్టేది నేనే, నా చొక్కాకి మాత్రం ఇస్త్రీ లేదు," అని దెప్పేవాడు. ఆయన పోయాక ఆయన ఉద్యోగం బదులు తనకి లాండ్రీలో పని ఇచ్చారు, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ సిరా మూడు రోజులు వదల్లేదు. ఇన్నేసి బట్టల మరకలు వదలగొట్టే చోట చేరి, వేలి మీది సిరా వదలగొట్టుకోలేకపోయావా అక్కా అని నవ్వింది ఎవరు?

పొడుగామె. ఎవరి పేరు తలుచుకోకూడదని పొద్దున్నుంచీ పళ్లు బిగించుకుని కూర్చుందో ఆవిడే. తలుపు చట్రానికి తల తగులుతుందేమోనని ప్రతిసారీ వంగి వచ్చేది, తగిలేది కాదు, అయినా వంగేది. వార్డుల నుంచి వచ్చే మూటల మీద టేపులుంటాయి, పిల్లల వార్డు, కాన్పుల వార్డు, ఆపరేషన్ థియేటరు అని. ఆ టేపులు పీకి గోడకి వరసగా అంటించి, "ఇదిగో అక్కా, ఇది 'ప', దీనికి కొమ్మిస్తే 'పు', నువ్వు రోజూ మోసేవే, మోసేదాన్ని చదవడానికేం," అనేది. టీ తాగే పదిహేను నిమిషాలూ అదే బడి. రెండేళ్లు పట్టింది. 'కాన్పుల వార్డు' అని తనంతట తను చదివిన రోజు పొడుగామె తడిచేతులతోనే చప్పట్లు కొట్టింది, ఇద్దరి మొహాలా నీళ్లు చిందాయి. ఆ ముఖం మళ్లీ... పదకొండూ పదిహేడు. మూత కదిలిందా? లేదు, డ్రమ్ము ఊపుకి నేల కాస్త అదురుతుంది, మూత కూడా అదురుతుంది, అంతే.

మూడో వారం పేజీలో తొమ్మిదో లైను. ఆ గులాబీరంగు మందు అంటిన బట్టని బ్లీచింగ్‌లో వేయకూడదు, ఎంత ఉతికినా మందు నూలులో ఉండిపోతుంది, బ్లీచింగ్ తగలగానే గోధుమరంగు మరక పడుతుంది, ఆ మరక ఇక పోదు. చదవగానే ఒళ్లు జల్లుమంది, జల్లుమన్నందుకు ఒళ్లు మండింది. "ఇది తప్పు. కొట్టేయండి," అంది. ఇరవై పెన్నులు ఒకేసారి గీతలు గీశాయి, తప్పు అని పక్కన రాసుకున్నాయి. ఒక్క పెన్ను తప్ప. ఆ పిల్లకి తరగతిలో పెట్టిన పేరే ఎందుకమ్మ.

"ఎందుకు తప్పు పెద్దమ్మా?"

"ఎందుకేమిటే, ఇరవై ఏళ్లు ఉతికాను."

"ఉతికారు సరే. ఆ మందు అంటినదాన్ని బ్లీచింగ్ వేయకుండా ఎప్పుడైనా ఉతికి చూశారా?"

"ఒసేయ్ ఎందుకమ్మా, ఏఐని వదిలేసి పెద్దమ్మ మీదకి ఎక్కావేంటే!" అని వెనక బెంచీలోంచి ఎవరో, అందరూ గొల్లున నవ్వు. టీచరమ్మ నవ్వలేదు. తిరిగి బోర్డు వంక చూసింది, అంతే, వేలు కూడా చూపించలేదు. ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, మనం చేసి చూడగలమా. ఆ మూడు ప్రశ్నలూ యంత్రం కోసమే రాశారనుకుంది తను. అంత పెద్ద అక్షరాలతో తన ఎదురుగానే ఉన్నాయి మూడు వారాలుగా.

ఒళ్లు జల్లుమన్నది ఎందుకంటే, ఆ గోధుమరంగు మరక ఎలా ఉంటుందో ఆ గదిలో మరెవరికీ తెలియదు. తనకి తెలుసు. థియేటరు దుప్పట్ల మధ్యలో, మనిషి నడుం ఆనే చోట, అంచులు ముదురుగా, లోపల పలచగా, చెరువు ఎండిపోతే మిగిలే గుర్తులా. ఒక ఏడాది హఠాత్తుగా మొదలయ్యాయి. పాత రక్తం అనుకుంది తను, అప్పటికి లాండ్రీకి తనే పెద్ద. రక్తం సరిగ్గా చన్నీళ్లలో వదలగొట్టకుండా బ్లీచింగ్‌లో పడేస్తే ఇలాగే అవుతుంది, ఎవరో బద్ధకిస్తున్నారు అనుకుంది. థియేటరు మూటలు చూసేది పొడుగామె. అడిగితే, "నేను నానబెడుతూనే ఉన్నాను అక్కా, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండుతున్నాను, బ్లీచింగ్‌లోకి వెళ్లాకే వస్తోంది ఈ రంగు," అంది. బ్లీచింగ్‌లోకి వెళ్లాకే. చెప్పింది కదా. నోరు తెరిచి చెప్పింది. బ్లీచింగ్ మరకలు తీస్తుందిగానీ పెడుతుందా, నాకు పాఠాలు చెప్పకు అంది తను. పాఠాలు చెప్పకు అని, ఎవరితో! అదే ఏడాది థియేటరులో మందు మారింది, గోధుమరంగు సీసాలు పోయి గులాబీవి వచ్చాయి. ఖాళీ సీసాలు పెరట్లో గుట్టగా పడి ఉండేవి, రోజూ వాటి పక్కనుంచే నడిచింది.

సూపరింటెండెంటు పిలిచి అడిగాడు. నోటితో చెప్పింది. కాగితం మీద రాసివ్వమన్నాడు. అప్పుడు, ఇదే, ఇదే గుటక పడనివ్వనిది, అప్పుడు తనకి సంతోషం వేసింది. రాయగలదు కదా మరి. వేలిముద్ర అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని, ఆయన పెన్ను తీసుకుని, పదకొండు లైన్లు రాసింది. 'నిర్లక్ష్యం' అనే మాట ఎలా రాయాలో తడుముకుని, రెండుసార్లు చిత్తు చేసుకుని మరీ రాసింది. ఎవరినీ అడగకుండా రాసిన మొదటి కాగితం అది. కింద సంతకం. ఆయన చదివి, బాగా రాశారే అన్నాడు. బాగా రాశారే. ఆ మాటకి లోపలెక్కడో వెలిగింది కూడా. నెల తిరక్కుండా పొడుగామెని పంపేశారు. వెళ్లే కాగితంలో అదే మాట ఎక్కింది, ఇంకే ఆసుపత్రీ తీసుకోలేదు. నాలుగు స్టాపుల అవతల లాడ్జిలో పక్కదుప్పట్లు ఉతుకుతోందని విన్నది. ఒకసారి బస్సులో కనిపించింది, కిటికీ వైపు తిరిగి కూర్చుంది, దిగేదాకా తల తిప్పలేదు. పదకొండేళ్లు.

ఆవిడ వెళ్లాక మరకలు ఆగాయా? ఆగలేదు. అక్కడైనా ఆగి చూడాల్సింది. కొత్తగా వచ్చినామె కూడా బద్ధకస్తురాలే అనుకుంది తను, నీళ్లలో ఇనుము ఉందనుకుంది, బ్లీచింగ్ ఇంకో గరిటె ఎక్కువ వేయించింది. చివరికి ఆసుపత్రి వాళ్లే థియేటరుకి ఆకుపచ్చ దుప్పట్లు తెప్పించారు, వాటిని బ్లీచింగ్‌లో వేయక్కర్లేదు, మరకలు మాయమయ్యాయి, హమ్మయ్య అనుకుంది, అనుకుని మర్చిపోయింది. మర్చిపోయిందా? మర్చిపోతే తొమ్మిదో లైను చదవగానే ఒళ్లు ఎందుకు జల్లుమంది. యంత్రానికి పుట్టని పుస్తకం కనిపించింది. తనకి లేని నిర్లక్ష్యం కనిపించింది. అది కల్పించినది ఒక ఉత్త పేజీ నంబరు. తను కల్పించినదానికి సంతకం ఉంది. యంత్రం ఎవరి మీదా కోపంతో చెప్పదు, ఎవరి మెప్పు కోసమూ చెప్పదు, దానికి తెలియదు అంతే. తనకి? పదకొండూ ముప్పై ఆరు.

గుడ్డ తాను అక్కడే బల్ల మీద ఉంది, కత్తెర దాని మీదే ఉంది. జానెడు గుడ్డ కత్తిరించడానికి ఎంతసేపు పడుతుంది. టేపు నెమ్మదిగా లేపితే చిరగదు. వేలకొద్దీ టేపులు పీకిన వేళ్లు ఇవి. కుడి బకెట్లోది తీసి సింకు కింద చెత్తలో కుక్కి, కొత్త ముక్క వేసి, మూత పెట్టి, టేపు అదిమేస్తే, పన్నెండింటికి రెండూ తెల్లగా వస్తాయి. ఎందుకమ్మ కాస్త చిన్నబోతుంది. పోనీలే, చిన్నపిల్ల, మర్చిపోతుంది. పిల్లలు మళ్లీ యంత్రాన్ని చూసి నవ్వుతారు. పెద్దమ్మ మాటంటే మాటే. పొడుగామె తప్పు పొడుగామె దగ్గరే ఉంటుంది, పదకొండేళ్లుగా ఉన్న చోటే ఉంటుంది, కొత్తగా ఎవరికీ ఏ నష్టమూ లేదు. లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు. టేపు కొస మీద బొటనవేలి గోరు ఆనించి ఉంది, కొస కొంచెం లేచింది కూడా.

"ఏం పెద్దమ్మా, పొదుగుతున్నారా?" అని గుమ్మంలోంచి ఇస్త్రీ ఆయన, చేతిలో మడతల దొంతరతో. "పిల్లలెప్పుడు పుడతారో?"

"పన్నెండుకి," అంది.

"కవలలే మరి," అని నవ్వుకుంటూ పోయాడు ఆయన. ఏం చూశాడు? ఏమీ చూడలేదు. చూడ్డానికి ఏమీ లేదు, ఒక ముసలామె టేపు సరిచేస్తోంది. స్టూలు బకెట్ దగ్గరికి లాక్కుని కూలబడింది. ఆ పిల్ల, మీరున్నారుగా, అంది. రేపు ఈ ఇరవై ఒక్కమందీ ఇరవై ఒక్క ఆసుపత్రులకి పోతారు. ఎక్కడో ఒకచోట ఆ గులాబీ మందూ ఉంటుంది, తెల్ల దుప్పట్లూ ఉంటాయి, మరక వస్తుంది, అప్పుడు వీళ్లు ఏమంటారు? మా పెద్దమ్మ చెప్పింది, బ్లీచింగ్ మరక పెట్టదు, ఇది ఎవరిదో నిర్లక్ష్యం అంటారు. ఇరవై ఒక్క కాగితాలు. లేచిన టేపు కొసని బొటనవేలితో గట్టిగా అదిమింది, గోరు తెల్లబడేదాకా అదిమి పట్టుకుంది, వదిలితే చెయ్యి మళ్లీ ఏం చేస్తుందోనని, అలాగే వంగి, పదకొండూ యాభై, యాభై ఐదు, యాభై తొమ్మిది, గోడ అవతల డ్రమ్ము ఆగింది, నీళ్లు దిగుతున్న చప్పుడు, కారిడార్లో అడుగులు.

మూత తీసింది ఎందుకమ్మే. ముందు ఎడమది. తెల్లగా, మెరుస్తూ. తర్వాత కుడిది. పట్టకారుతో పైకెత్తి పట్టుకుంది. నీళ్లు కారుతున్న గుడ్డ మధ్యలో, అంచులు ముదురుగా, లోపల పలచగా, చెరువు ఎండినట్టు. పెద్దమ్మకి అది ఈ బడి గుడ్డలా కనిపించలేదు, పదకొండేళ్ల కిందటి దుప్పటిలా కనిపించింది.

"ఏఐ గెలిచిందిరోయ్!" అని ఒకడు ఈల వేశాడు.

"గెలవడానికి ఇదేం ఆటరా? యాసిడ్ కలపమన్నదీ అదే," అంది టీచరమ్మ.

"మరి దేన్ని నమ్మాలి మేడమ్? అదీ తప్పు చెప్తుంది, పెద్దమ్మా..." అని నాలిక్కరుచుకున్నాడు.

"అను నాయనా, మింగకు," అంది పెద్దమ్మ. "పెద్దమ్మా తప్పు చెప్తుంది. తొమ్మిదో లైను పక్కన తప్పని రాసుకున్నారుగా. అది కొట్టేసి, పెద్దమ్మ తప్పు అని రాయండి."

ఎవరూ పెన్ను తీయలేదు. "అలా రాయంలెండి," అంది ఎందుకమ్మ, గెలిచినవాళ్ల మొహం కాదు ఆ పిల్లది, ఏడుపుమొహం.

"రాయవే. బాగా ఉతికే మనిషిని నిర్లక్ష్యమని రాసి పంపించేశాను ఈ మరకకే. ఆవిడ చెప్పింది, బ్లీచింగ్‌లోకి వెళ్లాకే వస్తోంది అక్కా అని. ఒక్క బకెట్ పెట్టి చూడలేదు నేను. గంటసేపు. అంతే కదా పట్టింది."

వెనక బెంచీలోంచి ఎవరో, మెల్లగా, "ఆవిడ ఉన్నారా పెద్దమ్మా? ఉంటే సారీ చెప్పేయొచ్చుగా. ఏఐతో రాయిద్దామా, చదివితే కళ్లమ్మట నీళ్లొచ్చేలా రాస్తుంది."

"రాస్తుంది. నేనూ బాగానే రాస్తానట. ఆవిడకి రాత మీద నమ్మకం పోయి చాలా ఏళ్లయింది."

కత్తెర తీసుకుని తానులోంచి రెండు ముక్కలు కత్తిరించింది. తొందరలో అంచులు వంకరపోయాయి. చిన్న సీసాలో గులాబీ మందు, ఇంకో సీసాలో బ్లీచింగ్, రెండూ తగలకుండా వేరువేరు సంచుల్లో పెట్టుకుంది. మరక పడిన గుడ్డ ఇక్కడే ఉందిగా, ఇది చూపిస్తే చాలదా అంది టీచరమ్మ. "ఇది నేనెక్కడ చేసుకొచ్చానో ఆవిడకేం తెలుసమ్మా? ఆవిడ బకెట్లో, ఆవిడ నీళ్లతో, ఆవిడ చేత్తోనే వేయమంటాను," అని ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. నేనూ రానా అంది ఎందుకమ్మ. వద్దంది.

లాడ్జి వైపు పోయే బస్సు స్టాపులో ఎండ నిటారుగా ఉంది. మరక వస్తుంది, దానికేం అనుమానం లేదు ఇప్పుడు. మందు పట్టించి, ఆరబెట్టి, ఉతికి, నానబెట్టి, తక్కువలో తక్కువ రెండు గంటలు, లేదు, ఎండ బాగుంది, గంటన్నర. గంటన్నర సేపు పొడుగామె తనని కూర్చోనిస్తుందా? బకెట్ ఇస్తుందా? తలుపు తీసి, చట్రానికి తల వంచి బయటికొచ్చి, తనని చూసి, ఏం అంటుంది? తను ముందు ఏం అనాలి? చెల్లీ అనాలి. ఆ పిలుపు ఇంకా తనకి ఉందా? ఏమీ పిలవకుండా మొదలుపెడితే? ఒక గుడ్డ నానబెట్టాలి అంటే? పిచ్చిదనుకుంటుంది. నువ్వు చెప్పింది నిజం అంటే? ఎప్పుడు చెప్పింది అంటుంది, మర్చిపోయి ఉంటే? మర్చిపోదు. మర్చిపోయి ఉంటే బాగుండు. ఇవి ఏ పేజీలోనూ దొరకవు, ఎవరినడిగినా వాళ్లకెలా తెలుసు, పోయి చూడాల్సిందే. సంచులు రెండు చేతులకీ మార్చుకుంది, మళ్లీ మార్చుకుంది. బస్సు వచ్చి ఆగి, తలుపు తెరుచుకుని, ఎక్కుతారా లేదా అని కండక్టరు అరిచేసరికి ఆమె ఇంకా మొదటి మాట దగ్గరే ఉంది.